చుక్క పక్కకి జరిగింది, మరి తప్పు పారలాక్స్‌దేనా?

పోయిన నెల షూటింగ్ రేంజ్‌లో పిస్టల్‌తో 25 గజాల నుంచి పది రౌండ్లు కాల్చి, బటన్ నొక్కి టార్గెట్ వెనక్కి తెప్పించుకుని చూస్తే రంధ్రాలన్నీ టార్గెట్ నడిమధ్యకి కుడిపక్కన నాలుగు అంగుళాల దూరంలో గుంపుగా పడి ఉన్నాయి. గుంపు బాగానే వచ్చింది, అరచేతితో మూసేయొచ్చు, కాకపోతే ఉండాల్సిన చోట లేదు. పక్క లేన్‌లో ఉన్న మా బావమరిది చెవులకున్న మఫ్స్ కూడా తీయకుండా తొంగి చూసి, "బావా, అది పారలాక్స్. మీరు చౌక సైట్ కొన్నారు కదా, అంతే మరి" అని తేల్చేశాడు. వాడు ఏ విషయంలోనైనా అంతే, రోగం పేరు ముందు చెప్తాడు, నాడి తర్వాత చూస్తాడు.

మేముండేది డాలస్ శివార్లలో. పిస్టల్ షూటింగ్ మొదలుపెట్టి నాలుగేళ్ళయింది, గ్రీన్ కార్డ్ వచ్చాకే కొన్నాను (వీసా మీద ఉన్నవాళ్ళకి రూల్స్ వేరు, ఎవరో చేశారని మనమూ చేసేయకూడదు, లాయర్‌ని అడిగి తెలుసుకోండి). రెండేళ్ళ క్రితం గురి చూసుకునే మామూలు ఇనప సైట్ల నుంచి రెడ్ డాట్‌కి, అంటే గాజులో ఎర్ర చుక్క చూపించే సైట్‌కి మారాను. అప్పట్నుంచీ ఈ పారలాక్స్ (తల జరిపితే చుక్క కూడా టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) అనే మాట ఎక్కడ చూసినా కనిపిస్తూనే ఉంది. డబ్బా మీద "పారలాక్స్ ఫ్రీ" అని ఉంటుంది, వీడియోల్లో ఒకాయన "అంతా అబద్ధం, చూడండి చుక్క ఎలా కదులుతోందో" అంటాడు, ఇంకొకాయన "పిస్టల్‌కి అదసలు లెక్కే కాదు" అంటాడు. ముగ్గురూ కొంతవరకు నిజమే చెప్తున్నారని నాకు ఈ నెల రోజుల గొడవ తర్వాతే అర్థమైంది.

ముందు ఆ చుక్క ఎక్కడినుంచి వస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని లేజర్ అనుకుంటారు. మా ఆవిడ కూడా మొదట్లో "ఆ ఎర్ర లైటు ఎదుటివాళ్ళ మీద పడుతుందా అండీ" అని అడిగింది. పడదు. స్లైడ్ (కాల్చినప్పుడు ముందుకీ వెనక్కీ కదిలే పిస్టల్ పైభాగం) మీద అగ్గిపెట్టె కంటే చిన్న ఫ్రేమ్, అందులో కొంచెం వంపు తిరిగిన గాజు, కింద వెనకవైపు ఒక బుల్లి ఎల్ఈడీ. ఆ వెలుగు ముందుకెళ్ళి గాజుకి తగిలి తిరిగి మన కంటికే వస్తుంది. గాజుకి ఉన్న పూత ఎరుపుని మాత్రమే వెనక్కి తిప్పుతుంది, మిగతా రంగులు దాటిపోతాయి, అందుకే అవతల ఉన్న టార్గెట్ కూడా కనిపిస్తుంది. కొన్ని సైట్లలోంచి చూస్తే లోకమంతా కాస్త నీలంగా కనిపించేది కూడా ఈ పూత వల్లే. ఎల్ఈడీని సరిగ్గా ఆ వంపు గాజు నాభి దగ్గర పెడతారు. పుటాకార దర్పణం నాభి దగ్గర దీపం పెడితే కిరణాలు సమాంతరంగా బయటికి వెళ్తాయని పదో తరగతిలో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాం చూడండి, అదే ఇది. ఐర్లండ్‌లో టెలిస్కోపులు తయారుచేసే హోవర్డ్ గ్రబ్ ఈ రకం సైట్‌కి 1900లో పేటెంట్ తీసుకున్నాడు, తర్వాత యుద్ధ విమానాల్లో వాడారు, 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ ఎలక్ట్రానిక్ చుక్కతో తుపాకుల మీదికి తెచ్చింది. పిస్టల్ స్లైడ్ మీద పెడితే ఆ దెబ్బలకి బతికే రకం, అంటే ట్రిజికాన్ ఆర్ఎంఆర్ లాంటిది, 2009లో గానీ రాలేదు.

కిరణాలు సమాంతరంగా వస్తే ఏమవుతుంది? ఆ చుక్క గాజు మీద ఉన్నట్టు కాకుండా ఎక్కడో అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి నాకు దొరికిన మంచి పోలిక చందమామ. చిన్నప్పుడు రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే తాటిచెట్లు, కరెంటు స్తంభాలు వెనక్కి పోతుంటాయి, చందమామ మాత్రం మన వెంటే వస్తుంటుంది కదా. రెడ్ డాట్ అంటే కిటికీలో బిగించిన చందమామ. తల పది మిల్లీమీటర్లు కుడికి జరిపితే చుక్క కూడా మీ వెంట పది మిల్లీమీటర్లు కుడికి వస్తుంది, ఎదురుగా గోడ మీద ఉన్న గీతతో పోలిస్తే అంతే దూరం జరిగినట్టు కనిపిస్తుంది. గోడ మూడు గజాల్లో ఉన్నా, ముప్పై గజాల్లో ఉన్నా జరిగేది ఆ పది మిల్లీమీటర్లే. అదీ పారలాక్స్ అంటే.

ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కుంభాకార కటకానికి ఇటు ఒక పిన్ను, అటు ఒక పిన్ను పెట్టి, తల అటూ ఇటూ ఊపుతూ, పిన్నూ దాని తలకిందుల ప్రతిబింబమూ విడిపోకుండా కలిసి కదిలే చోటు కోసం ఒంటికన్ను మూసుకుని ల్యాబ్ అంతా తలలూపేవాళ్ళం. "పారలాక్స్ పోయిందా?" అని మా డెమాన్‌స్ట్రేటర్ వెనక నుంచి అడిగేవారు. నాకు ఎప్పుడూ పోలేదు, పక్కవాడి రీడింగ్ చూసి రాసుకున్నాను. ఇన్నేళ్ళకి ఆ పాపం ఇలా తగులుకుంది.

ఇప్పుడు లెక్క. తల ఎంత జరిపినా చుక్క కిటికీ దాటి కనపడదు, అంచు దాటితే మాయమైపోతుంది. కాబట్టి చుక్క కనిపిస్తున్నంతవరకు, గాజు సవ్యంగా ఉంటే, తప్పు కిటికీ వెడల్పులో సగం మించదు. ఆర్ఎంఆర్ కిటికీ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 16 ఎత్తు. అంటే పక్కకి మహా అయితే 11 మిల్లీమీటర్లు, అరంగుళం కూడా లేదు. హోలోసన్ 507సి కూడా దాదాపు అంతే, 23 మిల్లీమీటర్లు. ట్రిజికాన్ ఎస్ఆర్ఓ లాంటి పెద్ద కిటికీ రకం 25, అందులో సగం పన్నెండున్నర. ఇక్కడ నాకు నవ్వొచ్చిన సంగతేంటంటే, చుక్క త్వరగా దొరుకుతుందని జనం ఎగబడి కొనే పెద్ద కిటికీలోనే పారలాక్స్‌కి జాగా ఎక్కువ. చిన్న కిటికీలో చుక్క వెతుక్కోవడం కష్టం, కానీ అది ఒకసారి కనపడిందంటే తప్పు కూడా చిన్నదే.

ఇంతవరకే అయితే డబ్బా మీద "పారలాక్స్ ఫ్రీ" అని రాయడం పెద్ద అబద్ధమేం కాదు. అసలు పేచీ "గాజు సవ్యంగా ఉంటే" అన్న మాట దగ్గరుంది. ఎల్ఈడీ గాజుకి ఎదురుగా నడిమధ్యలో ఉంటే మన చూపుకి అడ్డం, అందుకే దాన్ని కిందికి దించి గాజుని వాలుగా పెడతారు. వంపు గాజు వాలుగా ఉంటే మధ్యలో కిరణాలు సమాంతరంగానే వస్తాయి, అంచులకి వెళ్ళేకొద్దీ కొంచెం కొంచెం దారి తప్పుతాయి. మంచి కంపెనీలు రెండు గాజులు అతికించి దీన్ని చాలావరకు సరిచేస్తాయి, పూర్తిగా పోదు. ఇది పైన చెప్పిన పది మిల్లీమీటర్ల లాంటిది కాదు, కోణంలో తప్పు. కోణంలో తప్పు దూరంతో పాటు పెరుగుతుంది. చందమామ మన వెంట రావడం ఒక సంగతి, కిటికీ అంచుకి వెళ్ళగానే చందమామే ఆకాశంలో పక్కకి దూకడం ఇంకో సంగతి.

కాబట్టి సైట్లని పోల్చాలంటే ఒక్క దూరంలో చూస్తే చాలదు, రెండు దూరాల్లో చూడాలి. దూరం మారినా మారనిది మామూలు పారలాక్స్, దూరంతో పెరిగేది గాజు దోషం. ఈ ఐడియా రాత్రి పదకొండింటికి గిన్నెలు కడుగుతుంటే తట్టింది. అప్పటికప్పుడే బావమరిదికి ఫోన్ చేసి "ఒరేయ్, శనివారం నీ సైట్ విప్పి పట్టుకురా" అన్నాను. "విప్పితే మళ్ళీ జీరో చేసుకోవాలి బావా" అని మూలిగాడు, అంటే చుక్క పెట్టిన చోటే తూటా పడేలా మళ్ళీ సర్దుకోవాలి. బిర్యానీ పెడతానన్నాక ఒప్పుకున్నాడు.

మూడు సైట్లు పోగయ్యాయి. నాది చిన్న కిటికీ, తెరిచి ఉండే రకం. వాడిది పెద్ద కిటికీ. మా ఆఫీసు స్నేహితుడిది మూసేసిన పెట్టె రకం, ఎయిమ్‌పాయింట్ ఆక్రో అనే సైట్ లాగా ముందొక గాజు, వెనకొక గాజు ఉండి ఎల్ఈడీ మీద దుమ్మూ వాన పడవు, కిటికీ దాదాపు 15 మిల్లీమీటర్ల చదరం. ఏది ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఒక్కోటి ఒక్క పీసే చూశాను, అదే మోడల్‌లో ఇంకో పీస్ వేరేగా ఉండొచ్చు, నా అలీలో కొలిచిన కొలతకి ఎవరి పేరో పాడుచేయడం బాగోదు.

అలీ అంటే మా వైపు ఇళ్ళ వెనకాల గరాజ్‌ల కోసం ఉండే సన్న సందు. గరాజ్ తలుపు మీద గ్రాఫ్ పేపర్ షీట్లు నాలుగు అతికించాను, మధ్యలో నల్ల స్కెచ్‌పెన్‌తో ప్లస్ గుర్తు. పది గజాలు కొలిచి ఒక మడత టేబుల్, దాని మీద వడ్రంగి క్లాంప్, క్లాంప్‌లో ఉత్త సైట్ మాత్రమే. పిస్టల్ లోపల సేఫ్‌లో ఉంది. ఇది గట్టిగా చెప్తున్నాను, పిస్టల్‌తో సహా సందులో నిలబడి ఏదో గురి చూస్తూ కనపడితే పక్కింటావిడ 911కి ఫోన్ చేయడానికి రెండు నిమిషాలు పట్టదు, ఆవిడ చేసింది కరెక్టే అవుతుంది కూడా. సైట్ ఒక్కటే అయితే ఎవరికైనా కెమెరా సామాను లాగానే కనిపిస్తుంది. వాకింగ్‌కి వెళ్తున్న ఒకాయన ఆగి "నక్షత్రాలు చూస్తున్నారా" అని అడిగాడు, పట్టపగలు. దాదాపు అంతేనండి అన్నాను.

క్లాంప్ వెనకాల ట్రైపాడ్ మీద ఫోన్. కంటితో చూస్తే తల కదిలినప్పుడు మన మనసే చుక్కని మధ్యలోకి లాగేస్తుంది, ఫోన్‌కి ఆ మొహమాటం లేదు. ఫోన్‌ని మెల్లగా ఎడమ నుంచి కుడికి జరుపుతూ, చుక్క కిటికీ ఎడమ అంచున, మధ్యలో, కుడి అంచున ఉన్నప్పుడు ఫోటోలు. చుక్క వెలుగు బాగా తగ్గించాలి, లేకపోతే ఫోటోలో అది కుంకుమ బొట్టంత అయిపోయి మధ్య ఎక్కడో తెలియదు. మొదటి గంట అలా ఎక్కువ వెలుగులోనే తీసి మొత్తం పారేసుకున్నాం.

ఈ ఫోన్ ఫోటోల వల్ల ఇంకో మేలు జరిగింది. నా కంటికి చుక్క ఎప్పుడూ తోకతో, కామా లాగా కనపడేది, సైట్ నాసిరకం కాబట్టి అలా ఉందని రెండేళ్ళుగా తిట్టుకుంటున్నాను. ఫోటోలో చూస్తే గుండ్రంగా, ఆవగింజలా శుభ్రంగా ఉంది. తోక నా కంటిదన్నమాట, ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం. మీకూ చుక్క చిందరవందరగా కనిపిస్తుంటే సైట్ మార్చే ముందు ఒక ఫోటో తీసి చూడండి, ఫోటోలో బాగుంటే వెళ్ళాల్సింది కళ్ళ డాక్టర్ దగ్గరికి.

సరే, కొలతలు. పది గజాల్లో నా చిన్న సైట్ చుక్క ఎడమ అంచు నుంచి కుడి అంచుకి మొత్తం 23 మిల్లీమీటర్లు జరిగింది. కిటికీ వెడల్పు 22. అంటే దాదాపు ఉత్త చందమామే, గాజు దోషం లేదని చెప్పొచ్చు. మూసేసిన పెట్టెది 14 వచ్చింది, అంచు వరకు సరిగ్గా వెళ్ళలేకపోయి ఉంటాను. వాడి పెద్ద కిటికీది మాత్రం 31. కిటికీ వెడల్పు 25 కాబట్టి ఆరు మిల్లీమీటర్లు అదనం. మధ్యలో సగభాగం దాకా బుద్ధిగానే ఉంది, చివరి మూడు నాలుగు మిల్లీమీటర్లలోనే చుక్క చటుక్కున పరిగెత్తింది. బావమరిది మొహం చూడాలి అప్పుడు.

తర్వాత టేబుల్‌ని 25 గజాలకి జరిపాం. నాది 25, పెట్టెది 15, వాడిది 40. చూశారా, మొదటి రెండూ దాదాపు అక్కడే ఉన్నాయి, వాడి అదనపు ఆరు కాస్తా రెండున్నర రెట్లయి పదిహేను అయింది. అంటే ఒక్కో అంచున సుమారు ఒక ఎంఓఏ తప్పు. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 గజాల్లో అంగుళం, 25 గజాల్లో పావు అంగుళం అని గుర్తుపెట్టుకుంటే చాలు. వాడి చుక్క సైజే రెండున్నర ఎంఓఏ, అంటే చుక్క తన ఒంటి వెడల్పులో సగం కూడా దారి తప్పలేదు. నేనది పైకి చెప్పలేదు, బిర్యానీ అయ్యేదాకా వాడిని కొంచెం బాధపడనిచ్చాను.

నిలువుగా కూడా చూశాను. నా సైట్‌లో పక్కల కంటే పై అంచు దగ్గర చుక్క ఎక్కువ తేడా చూపించింది, పది గజాల్లో నాలుగు మిల్లీమీటర్లు అదనంగా పైకి. గాజు వాలు నిలువులోనే ఉంటుంది కాబట్టి పక్కలకీ పైకీ ఒకేలా ఉండదనేది అర్థం చేసుకోదగ్గదే. వీడియోల్లో అందరూ తల పక్కలకే ఊపుతారు, పైకీ కిందికీ ఎవరూ చూడరు. నిజానికి పిస్టల్ పైకి లేపి చేతులు చాచినప్పుడు చుక్క తప్పిపోయేది ఎక్కువగా పైకో కిందికో.

ఇంత చేశాక కాగితం మీద ఇంకో లెక్క వేశాను, అసలు కళ్ళు తెరిపించింది అదే. ఇనప సైట్లలో ముందొక పుల్ల, వెనకొక గాడి. గ్లాక్ 17 పిస్టల్‌లో ఈ రెండింటి మధ్య దూరం 165 మిల్లీమీటర్లు. పుల్ల గాడిలో ఒక్క మిల్లీమీటర్ పక్కకి ఉంటే 25 గజాల్లో తూటా దాదాపు 14 సెంటీమీటర్లు పక్కన పడుతుంది. ఒక్క మిల్లీమీటర్‌కి! ఇంకోలా చెప్తాను. చాచిన చేతుల్లో పిస్టల్ కంటికి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చుక్క కిటికీ అంచుకి పోయిందంటే, 11 మిల్లీమీటర్లు పక్కకి, పిస్టల్ మన చూపుతో పోలిస్తే ఒక డిగ్రీ వంకరగా ఉందని అర్థం. అదే ఒక డిగ్రీ వంకర ఇనప సైట్లతో చూసుకోకుండా కాలిస్తే 40 సెంటీమీటర్ల తప్పు, టార్గెట్ కాగితం దాటి వెళ్ళిపోతుంది. రెడ్ డాట్‌తో చుక్కని టార్గెట్ మీద ఉంచి కాలిస్తే 11 మిల్లీమీటర్లు. రైఫిల్ అయితే చెంప కర్రకి ఆనుతుంది, కన్ను ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. పిస్టల్‌కి ఆ ఆధారం లేదు, అందుకే కన్ను తప్పే అవకాశం ఎక్కువ, అందుకే ఈ సైట్ పనికొచ్చేదీ ఇక్కడే.

ఈ లెక్క చూశాక ఇనప సైట్లతో పోటీల్లో కాల్చేవాళ్ళ మీద నాకు గౌరవం పదింతలయింది. ఒలింపిక్స్, ఆసియా క్రీడల్లో పిస్టల్‌కి ఆప్టికల్ సైట్లు ఒప్పుకోరు, పుల్లా గాడీ మాత్రమే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం, టీమ్‌తో బంగారు పతకం గెలిచింది వాటితోనే. ఆ ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అయిదు సెంటీమీటర్లు. మిల్లీమీటర్ తప్పితే ఏమవుతుందో పైన చూశారుగా. నేను ఎర్ర చుక్క పెట్టుకుని కూడా సాకులు వెతుక్కుంటున్నాను.

సాకు అన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. నాలుగు అంగుళాలంటే వంద మిల్లీమీటర్లు. నా సైట్‌లో పారలాక్స్ గరిష్ఠంగా 12 అనుకుందాం, చుక్కని పనిగట్టుకుని కిటికీ అంచున పెట్టి పదికి పది కాల్చినా అంతే. మిగతా 88 ఎక్కడినుంచి వచ్చినట్టు? అందులోనూ నా చుక్క ఆ రోజు మధ్యలోనే ఉంది. ఈ తీసివేత ఆ రోజే రేంజ్‌లో వేసుంటే అలీ, గ్రాఫ్ పేపర్లు, బిర్యానీ ఏవీ అవసరం లేకపోయేవి.

ఆదివారం సైట్‌ని తిరిగి పిస్టల్‌కి బిగిద్దామని కూర్చున్నాను. నా పిస్టల్‌లో సైట్ నేరుగా స్లైడ్ మీద కూర్చోదు, మధ్యలో ఒక పల్చటి ప్లేట్ ఉంటుంది, ప్లేట్ స్లైడ్‌కి రెండు స్క్రూలతో, సైట్ ప్లేట్‌కి ఇంకో రెండు స్క్రూలతో. సైట్ స్క్రూలు గట్టిగా ఉన్నాయి, విప్పేటప్పుడు చేతులు నొప్పెట్టాయి, అందుకే కింద ఏదైనా వదులుగా ఉంటుందన్న అనుమానమే రాలేదు. ప్లేట్ మీద బొటనవేలు పెట్టి ఊరికే నొక్కాను. టక్. చాలా చిన్న చప్పుడు, గోరు విరిచినట్టు. రెంచి పెట్టి రెండు వేళ్ళతో తిప్పితే వెనక స్క్రూ నూనె రాసినట్టు తిరిగింది. ఆ ప్లేట్ ఒక షాపులో బిగించి ఇచ్చారు, లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా మరలకి రాసే జిగురు) వేశామని కూడా చెప్పారు. స్క్రూ బయటికి తీస్తే మరలకి నీలం రంగు మచ్చ కూడా లేదు.

కొలిచి చూద్దామని ఇంకో లెక్క. సైట్ పొడవు 45 మిల్లీమీటర్లు. 25 గజాల్లో వంద మిల్లీమీటర్లు పక్కకి పోవాలంటే సైట్ ముందు భాగం వెనక భాగంతో పోలిస్తే ఎంత జరగాలి? మిల్లీమీటర్‌లో అయిదో వంతు. ప్రింటర్ కాగితాలు రెండు కలిపి పట్టుకుంటే ఎంత మందమో అంత. ప్రతి షాట్‌కీ స్లైడ్ వెనక్కి దూసుకెళ్ళి ఠక్కున ఆగి మళ్ళీ ముందుకొస్తుంది, ఆ కుదుపులకి ప్లేట్ కొంచెం కొంచెంగా తిరుగుతూ వచ్చింది. పది గజాల్లో కాల్చినప్పుడు అదే తప్పు నాలుగు సెంటీమీటర్లుగా కనపడి ఉంటుంది, "ఇవాళ చెయ్యి కుదర్లేదులే" అనుకుని ఊరుకుని ఉంటాను. అనుకున్నాను కూడా, గుర్తుంది.

మరలు స్పిరిట్‌తో తుడిచి, నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క, టార్క్ డ్రైవర్‌తో ప్లేట్ కాగితంలో చెప్పినంతే బిగింపు. ఎక్కువ బిగిస్తే ఆ చిన్న స్క్రూల తలలు ఊడొస్తాయి, ఇది ఇంకో స్నేహితుడి అనుభవం, నాది కాదు. ఒక రాత్రంతా ఆరనిచ్చి, సైట్ పెట్టి, స్క్రూ తల మీదుగా అంచుదాకా తెల్ల నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. మా అమ్మాయిది, అడక్కుండా తీసుకున్నాను. గీత విరిగి కనపడితే స్క్రూ కదిలినట్టు. కింద ప్లేట్ స్క్రూలు సైట్ ఎక్కాక కనపడవు కాబట్టి వాటికి గీసినా లాభం లేదు, అందుకని ప్లేటుకీ స్లైడ్‌కీ కలిసే అంచున ఇంకో గీత.

వారం తర్వాత పది గజాల్లో జీరో సరిచేసుకుని 25కి వెళ్ళాను. గుంపు మధ్యలోకి వచ్చింది. రెండు మాత్రం ఎడమవైపు కిందికి పోయాయి, అవి ట్రిగ్గర్ గుంజినవి, కాల్చేటప్పుడే తెలిసిపోయింది. వీటిని పారలాక్స్ ఖాతాలో వేయడానికి ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

ఇంకో చిన్న తికమక కూడా దీంతో కలిపేస్తుంటారు. సైట్ తూటా వెళ్ళే గొట్టానికి అంగుళం అటూ ఇటూ పైన ఉంటుంది కాబట్టి మూడు గజాల్లో కాలిస్తే చుక్క కంటే కొంచెం కిందే పడుతుంది. అది పారలాక్స్ కాదు, తల ఎక్కడ పెట్టినా అది ఉంటుంది.

"మరి ఏది కొనమంటారు బావా?" అని బావమరిది రెండో పిస్టల్ కోసం అడుగుతున్నాడు. నేనైతే పారలాక్స్ చూసి కొనను. నాకు చుక్క త్వరగా దొరకాలి, నా కంటికి తోక తక్కువ రావాలి, బ్యాటరీ మార్చడానికి సైట్ విప్పాల్సిన పని ఉండకూడదు, ఎందుకంటే విప్పిన ప్రతిసారీ పైన చెప్పిన కథ మళ్ళీ మొదలవ్వొచ్చు. వాడికి మాత్రం ఆ ఆరు మిల్లీమీటర్లు మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి. 50 గజాల్లో అది ఎంతవుతుందో చూడాలంటున్నాడు. మా అలీ అంత పొడుగు లేదు, మధ్యలో చెత్త డబ్బాలు. వాళ్ళ వీధి చివర చర్చి వెనకాల ఖాళీ గోడ ఉందట, అక్కడికి గ్రాఫ్ పేపర్లు, క్లాంప్ పట్టుకెళ్ళాలి. ఈసారి బిర్యానీ వాళ్ళింట్లో.